ఇరుసుకు తగిన బెజ్జం

వస్తువు పాడైనదని మనం తరచుగా అంటూ ఉంటాం. పరీక్షించి చూడగా పాడైనది వస్తువంతా కాదు, అందులోని ఏదో ఒక చిన్న అంగం. కుట్టు మిషనులో ఒక మరమేకు అరిగి ఉంటుంది. నీటి పంపులో ఒక బుష్షు వదులై ఉంటుంది. తలుపు గడియలో ఒక శీల విరిగి ఉంటుంది. ఆ అంగం బజారులో దొరికినంతకాలం చింత లేదు. తయారుచేసిన సంస్థ మూతపడినా, ఆ నమూనాయే మాసిపోయినా, గోరంత అంగం కోసం కొండంత వస్తువు పాత ఇనుము వెలకు వెళ్లిపోతుంది. అటువంటి అంగాన్ని మన ఇంటనే, మన చేతులతోనే, లోహంలో కోసి చేసుకొనడం సాధ్యమా అన్నది నేటి ప్రసంగ విషయం. సాధ్యమే. ఐతే యంత్రాన్ని ముట్టుకొనడానికి ముందు ఒక ప్రశ్న వేసుకొనవలసి ఉన్నది.

ఆ ప్రశ్న ఏమిటో తెలియడానికి శ్రోతలకు చిరపరిచితమైన వస్తువునే ఉదాహరణగా తీసుకొందాం. వాల్వులతో పనిచేసే పాత రేడియో సెట్లు ఇప్పటికీ కొన్ని ఇండ్లలో భద్రంగా ఉన్నవి. సత్యవేడు వంటి సరిహద్దు ఊళ్లలో స్టేషన్లు త్రిప్పే నాబుకు పని ఎక్కువ. 1938లో ఆరంభమైన మద్రాసు కేంద్రం ఒక ప్రక్క. 1948లో ఆరంభమైన విజయవాడ కేంద్రం ఒక ప్రక్క. ఊరు సైతం అటూ ఇటూ జరిగినదే. అదివరకు చెంగల్పట్టు జిల్లాలో ఉండిన సత్యవేడు ప్రాంతం, రెండు రాష్ట్రాల ఎల్లలు సవరించినప్పుడు 1960 ఏప్రిలు 1న ఆంధ్రప్రదేశంలో చేరి చిత్తూరు జిల్లా భాగమైనది. 2022 ఏప్రిలు 4 నుండి తిరుపతి జిల్లాలో ఉన్నది.

ఆ సెట్ల నాబు సాధారణంగా బేకలైటుతో చేసినది. బేకలైటు గట్టిదే కాని పెళుసు. లోపల మరమేకు బిగించే చోట సన్నని పగులు పుట్టి, ఒకనాడు నాబు రెండు చెక్కలవుతుంది. సెట్టు చక్కగా పాడుతూనే ఉంటుంది. త్రిప్పడానికి పట్టు మాత్రం ఉండదు. అచ్చంగా అటువంటి నాబు నేడు ఏ దుకాణంలోనూ దొరకదు.

సత్యవేడు, వరదయ్యపాలెం మండలాలలోనే 2008లో ఆరంభమైన శ్రీసిటీ అనే పారిశ్రామిక నగరం ఉన్నది. అక్కడ 2016లో ఇసుజు వాహనాల కర్మాగారం ప్రారంభమైనది. ఆల్‌స్టమ్ సంస్థ మెట్రో రైలు పెట్టెలు తయారుచేస్తున్నది. ఇంత పెద్ద కర్మాగారాల ప్రక్క ఊరిలో ఒక చిన్న నాబుకు దిక్కులేకపోవడం వింతగా తోచవచ్చు. కాని కర్మాగారపు పనికీ ఇంటి పనికీ మూలంలోనే ఒక భేదం ఉన్నది. దానిని గ్రహిస్తే ఇంట పనిచేసేవాడికి సగం భయం తీరుతుంది.

కర్మాగారంలో ఇరుసు చేసేవాడు ఒకడు. ఆ ఇరుసు దూరే బెజ్జం వేసేవాడు మరొకడు. ఒకడు ఒక దేశంలో, రెండవవాడు వేరొక దేశంలో ఉండవచ్చును. రాశిలో చేయి పెట్టి ఏ ఇరుసు తీసినా, ఏ బెజ్జంలోనైనా సరిగా కూర్చోవలె. అందుచేత ప్రతి కొలతకూ ఇంతకు మించి పెరగరాదు, ఇంతకు మించి తగ్గరాదు అని రెండు హద్దులు ఏర్పరుస్తారు. ఈ పద్ధతి ఒక్కనాటిలో పుట్టలేదు. 1785లో ఫ్రాన్సు దేశంలో ఆనొరే బ్లాంక్ అనే తుపాకుల పనివాడు తుపాకి యంత్రపు ముక్కలను కలగలిపి, చేతికి వచ్చినవాటిని కూర్చి చూపగా, అప్పుడు అక్కడ అమెరికా రాయబారిగా ఉండిన థామస్ జెఫర్సన్ తానే స్వయంగా కొన్ని కూర్చి చూచి ఆశ్చర్యపడి స్వదేశానికి జాబు వ్రాసినాడు. అంతకుపూర్వం ప్రతి తుపాకి ముక్కలనూ ఆ తుపాకికే ఆకురాయితో రాచి సరిచేసేవారు. మరల విషయంలోనూ అంతే. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ మరలకు ఒకే కోణం, ఒకే లెక్క ప్రతిపాదించేవరకు ఒక కార్యశాల మేకు వేరొక కార్యశాల నట్టుకు పట్టేది కాదు.

కనుక కర్మాగారపు అంగాలది జాతకాలు మాత్రమే చూచి కుదిర్చే సంబంధం. ఇంటి పనివాడి అంగానిది ఎదురుగా కూర్చుండబెట్టి కుదిర్చే సంబంధం. జంట కావలసిన ఇరుసు మన బల్లమీదనే ఉన్నది. దానిని కొలవవచ్చు, పెట్టి చూడవచ్చు, బిగువైతే మరికొంచెం కోయవచ్చు. పదివేల ఇరుసులకు సరిపోవలసిన పని లేదు. ఈ ఒక్కదానికి సరిపోతే చాలు. ఈ కారణంచేత సామాన్యమైన పనిముట్లతోనే ఇంటిలో చక్కని అమరిక సాధ్యమవుతున్నది.

ఇప్పుడు మొదట చెప్పిన ప్రశ్నకు వద్దాం. చేయబోయే అంగం వేటిని తాకుతుంది? పని మొదలుపెట్టక ముందు దీనికి సమాధానం కాగితంపై వ్రాసుకొనవలెను. ఏ అంగానికైనా ఖచ్చితంగా ఉండవలసిన కొలతలు రెండో మూడో ఉంటాయి. అవి ఇతరమైనవాటిని తాకే చోట్లు. తక్కిన కొలతలు మన ఇష్టం. క్రొత్తగా పని నేర్చేవారు అన్ని కొలతలనూ సమానంగా పట్టుకొని అలసిపోతారు, లేదా అన్నిటినీ సమానంగా వదలివేస్తారు.

మన నాబు ఇరుసును తాకుతుంది. అందువల్ల బెజ్జం కొలత ముఖ్యం. సెట్టు పెట్టె ముఖాన్ని తాకరాదు, కాని వేలు దూరేంత ఎడమూ ఉండరాదు. అందువల్ల లోతు ముఖ్యం. మూడవది చాలామంది మరచేది: నాబు మనిషి చేతిని తాకుతుంది.

ఈ మూడవ సమాధానం ప్రాణాలకు సంబంధించినది. కొన్ని పాత సెట్లు ఎ.సి., డి.సి. కరెంటులు రెండింటిపైనా పనిచేసేటట్లు నిర్మించినవి. వాటిలో మెయిన్సును వేరుచేసే ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. సెట్టు లోపలి ఇనుప చట్రం, అనగా ఛాసీ, మెయిన్సు తీగలలో ఒకదానితో కలిసి ఉంటుంది. రెండు కాళ్ల ప్లగ్గును ఎటు త్రిప్పి పెట్టినామన్నదానిని బట్టి ఆ చట్రానికీ, దానికి బిగించిన ఇరుసుకూ 230 వోల్టుల కరెంటు రావచ్చును. బేకలైటు నాబు ఆ ఇరుసుకూ మన వేళ్లకూ నడుమ గోడవలె నిలిచి ఉన్నది. జాగ్రత్త తెలిసిన తయారీదారులు మరమేకును సైతం లోతుగా దించి, పైన మైనం నింపేవారు. నాబు పగిలిన తరువాత ఉత్త ఇరుసునే ప్లయరుతో పట్టి త్రిప్పడం ఎంత అపాయమో, అందంగా ఉంటుందని నిండు ఇత్తడి నాబు చేసి తొడగడం అంతే అపాయం. సెట్టు ఏ తరగతిదో నిశ్చయంగా తెలియనప్పుడు దానిని ఈ తరగతిదనే భావించి పనిచేయవలెను.

అందువల్ల మన నాబు రెండు భాగాలుగా ఉంటుంది. లోపల ఇరుసును పట్టుకొనే ఇత్తడి బుష్షు. పైన విద్యుత్తును పోనీయని హైలం తొడుగు. విద్యుత్ పలకలకు వాడే హైలం అందరూ ఎరిగినదే. అదే పదార్థం కడ్డీలుగానూ దొరుకుతుంది. తొడుగు ముందువైపు మూసి ఉండవలె. లోహం ఎక్కడా బయటికి కనబడరాదు.

ముందుగా కొలత. ప్లగ్గు పూర్తిగా ఊడదీసి, ఇరుసును వెర్నియరుతోగాని మైక్రోమీటరుతోగాని కొలవండి. పాత సెట్లలో ఎక్కువభాగం ఇరుసులు పావు అంగుళానివి, అనగా 6.35 మి.మీ.; ఐరోపా పద్ధతివి కొన్ని 6 మి.మీ. భేదం మి.మీ.లో మూడవ వంతు. కంటికి అది కనబడదు, కాని ఒకదానికి చేసిన నాబు రెండవదానిపై కడకడలాడుతుంది, లేదా ఎక్కనే ఎక్కదు. మైక్రోమీటరులో మర ఒక చుట్టుకు అర మి.మీ. జరుగుతుంది, చుట్టు 50 భాగాలుగా గీసి ఉంటుంది, కనుక ఒక్కొక్క గీత మి.మీ.లో నూరవ వంతు. ఇరుసును ఒకే చోట కాక మూడు చోట్ల కొలవండి. మరమేకు నొక్కిన చోట అరిగి ఉండవచ్చు. ఒక ప్రక్క చదును చేసి ఉంటే మరమేకు ఆ చదునుపైననే కూర్చోవలె.

ఇక యంత్రం. కర్రను త్రిప్పుతూ ఉలితో గుండ్రంగా చెక్కే సాధనాన్ని మన పెద్దలు తరిమెన అన్నారు. ఏటికొప్పాక లక్క బొమ్మలు అంకుడు కర్రతో ఆ పద్ధతినే రూపొందుతున్నవి. అక్కడ ఉలి పనివాడి చేతిలో ఉంటుంది. గుండ్రదనం కంటి మీద, మణికట్టు మీద ఆధారపడుతుంది. లోహపు లేత్‌లో కోత పనిముట్టును చేయి పట్టదు. జారుడు పీట పట్టుకొని, మర ఆధారంగా ముందుకు వెనుకకు నడుపుతుంది. 1800 సంవత్సరం ప్రాంతంలో లండనులో హెన్రీ మాడ్స్‌లే ఈ జారుడు పీటనూ, దానిని నడిపే మరనూ ఇనుప లేత్‌పై చక్కగా అమర్చి యంత్రనిర్మాణంలో ఒక యుగం ఆరంభించినాడు. పైన పేర్కొన్న విట్‌వర్త్ ఆయన కార్యశాలలో పనిచేసినవాడే. నేడు అర అశ్వశక్తి మోటారుతో బల్లపై నిలిచే చిన్న లేత్‌లు అభిరుచి గలవారికి దొరుకుతున్నవి. అది లేనివారు నిలువు డ్రిల్లు, వైసు, ఆకురాయి, ఈ మూడింటితో 12 మి.మీ. ఇత్తడి కడ్డీనుండి ఈ బుష్షును చేయవచ్చు. బెజ్జం సరిగా నడుమ పడకపోతే నాబు తిరిగేటప్పుడు కొంచెం ఊగుతుంది. పనికి లోటు రాదు.

లేత్ ఉన్నవారు 15 మి.మీ. ఇత్తడి కడ్డీని చక్కులో బిగించుకొనవలె. త్రిప్పే వేగానికి ఒక సులభమైన లెక్క ఉన్నది. కోత వేగాన్ని నిమిషానికి మీటర్లలో తీసుకొని, 318తో హెచ్చించి, కడ్డీ వ్యాసపు మి.మీ.లతో భాగించితే నిమిషానికి ఎన్ని చుట్లో వస్తుంది. హైస్పీడు ఉక్కు టూలుతో ఇత్తడికి 60 మీటర్లు అనుకొంటే సుమారు 1,270 చుట్లు. మెత్తని ఉక్కుకు 25 మీటర్లు అనుకొంటే సుమారు 530 మాత్రమే. నేర్చుకొనేవారు ఇందులో సగంతో మొదలుపెట్టడం మంచిది. ఉక్కు కోసే టూలుకు పైముఖం వెనుకకు వాలుగా ఉంటుంది. ఇత్తడికి ఆ వాలు పనికిరాదు. టూలు లోహంలోకి తనంతట తానే దిగబడుతుంది. ఇత్తడికి పైముఖం సమంగా ఉండవలె. డ్రిల్లుకూ ఇదే న్యాయం. దాని కోత అంచులను సానరాతితో కొంచెం మొద్దుచేయకపోతే ఇత్తడిలో పట్టుకొని కడ్డీని లాగుతుంది.

ముఖం చదునుచేసి, నడుమ గుర్తు బెజ్జం వేసి, 5.5 మి.మీ. డ్రిల్లుతో ఒకసారి, 6.2 మి.మీ. డ్రిల్లుతో మరొకసారి తొలవండి. డ్రిల్లు వేసిన బెజ్జం నిజంగా గుండ్రం కాదు; చెప్పిన కొలతకంటె కొంచెం పెద్దదిగానే వస్తుంది. అందువల్ల చివరి పని పావు అంగుళపు రీమరుతో చేయవలె. ఇరుసు 6 మి.మీ.దైతే 5.8 డ్రిల్లు, 6 మి.మీ. రీమరు. రీమరును ఎన్నడూ వెనుకకు త్రిప్పరాదు; పొట్టు అంచుల వెనుక చిక్కి బెజ్జాన్ని గీరుతుంది, అంచులు మొద్దుపోతాయి. ముందుకే త్రిప్పుతూ వెలికి తీయవలె.

కడ్డీని చక్కునుండి విప్పక ముందే బయటి వ్యాసం 12 మి.మీ.కు దించండి. బెజ్జమూ బయటి గుండ్రమూ ఒకే బిగింపులో జరిగితే రెండూ ఒకే కేంద్రానికి ఉంటాయి. విప్పి మళ్లీ బిగిస్తే ఆ పొత్తు చెడుతుంది. లేత్ పనిలో ఇది మొదటి పాఠం. మరొకటి: చాలా లేత్‌లలో పీటను 0.1 మి.మీ. ముందుకు జరిపితే వ్యాసం 0.2 మి.మీ. తగ్గుతుంది, రెండు వైపులా కోత పడుతుంది గనుక. గీతలు వ్యాసానికి వేసినవా, జరుగుడుకు వేసినవా అని ముందే పరీక్షించుకొనవలె. కోసిన వెంటనే కొలవరాదు. ఇత్తడి వేడికి పెరుగుతుంది. 50 మి.మీ. పంపు బుష్షు 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.04 మి.మీ. పెరిగి ఉంటుంది. చల్లారిన తరువాత చూస్తే ఆ మేరకు సన్నబడుతుంది. మన చిన్న బుష్షుకు ఇది లెక్కలోనిది కాదు. అలవాటు మాత్రం ఇప్పుడే చేసుకొనడం మేలు.

బుష్షును 12 మి.మీ. పొడవున తెగకోసి, హైలం తొడుగులో రెండు భాగాల జిగురుతో అతికించి ఒక దినం ఆరనీయండి. తొడుగు వ్యాసం 30 మి.మీ. అనుకొందాం. అప్పుడు బుష్షు చుట్టూ 9 మి.మీ. మందాన హైలం ఉంటుంది. ప్రక్కనుండి 2.5 మి.మీ. బెజ్జం బుష్షు లోపలివరకు వేసి, హైలంలో మాత్రం దానిని మేకు దిగేంత వెడల్పు చేసి, ఇత్తడిలో 3 మి.మీ. ట్యాపుతో మరలు కోయండి. ట్యాపు సంగతి రీమరుకు విరుద్ధం. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనుకకు. వెనుకకు త్రిప్పినప్పుడు పొట్టు తెగుతుంది. తెగకపోతే ట్యాపే విరుగుతుంది. తల లేని పొట్టి మరమేకు బిగించి, పై గుంటను మైనంతో నింపాలి. అప్పుడు వేలికీ లోహానికీ నడుమ అడ్డు సంపూర్ణమవుతుంది.

ఇంటిలో ఈ పని చేసేవారు కొన్ని నియమాలు తప్పరాదు. కంటికి అద్దాలు లేనిదే మోటారు వేయరాదు. ఇత్తడి పొట్టు సన్నని సూదులుగా ఎగురుతుంది. పొడుగు చేతుల చొక్కా, పైట కొంగు, ఉంగరం, గడియారం, చేతి తొడుగులు లేత్ దగ్గర పనికిరావు. ఏది చిక్కినా చేయి దాని వెంట పోతుంది. చక్కు బిగించిన తాళంచెవి అందులోనే మరచి మోటారు వేస్తే అది రాయివలె వచ్చి తగులుతుంది. పొట్టును చేతితో కాక కుంచెతో తీయవలె. హైలం కోసేటప్పుడు ముక్కుకు అడ్డు కట్టుకొనడం అవసరం. ఆ ధూళి ఊపిరికి మంచిది కాదు. మరొక హద్దు కూడా ఉన్నది. బండి బ్రేకులు, స్టీరింగు, గ్యాసు, ఆవిరి వంటి ఒత్తిడి నిలువవలసిన అంగాలు ఇంట చేయదగినవి కావు. అవి తాకేది మన ఒక్కరి చేతిని కాదు. దారిన పోయేవారి ప్రాణాలను.

ఈ విద్య కళాశాలలోనే రావలెనన్న నియమం లేదు. కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో తెలుగు కుటుంబంలో 1893లో జన్మించిన జి. డి. నాయుడుగారు బడి చదువు బాల్యంలోనే విడిచినారు. ఒక దొరగారి మోటారు సైకిలు చూచి ముచ్చటపడి, హోటలులో పనిచేసి సొమ్ము కూడబెట్టి దానిని కొన్నారు. కొన్నది ఎక్కి తిరగడానికి కాదు, విప్పి చూడడానికి. ప్రతి అంగం దేనిని తాకుతున్నదో, ఎందుకు ఆ ఆకారంలో ఉన్నదో కనుగొని, మళ్లీ కూర్చినారు. 1920లో పొల్లాచి, పళనిల నడుమ ఒక్క బస్సుతో ఆరంభించి, రవాణా వ్యాపారాన్నీ కార్యశాలలనూ పెంచినారు. 1937లో ఆయన, డి. బాలసుందరం నాయుడుగారు కలిసి మన దేశంలో విద్యుత్ మోటారు తయారీకి ఆరంభం చేసినారు. విద్యుత్ క్షౌరయంత్రం వంటి చిన్న వస్తువులూ ఆయన చేతిలో రూపొందినవి. 1974లో ఆయన కీర్తిశేషులైనారు. విప్పిన వస్తువును తిరిగి కూర్చగలగడం ఆయన మొదటి పరీక్ష. ఇంటి పనివాడికి కూడా అదే తగిన పరీక్ష.

పద్ధతిగా నేర్వగోరే యువకులకు మార్గాలు లేకపోలేదు. పారిశ్రామిక శిక్షణ సంస్థలలో టర్నరు, ఫిట్టరు, మెషినిస్టు విద్యలు రెండేండ్లవి. హైదరాబాదు బాలానగరులో 1968లో నెలకొల్పిన కేంద్ర సాధన రూపకల్పన సంస్థ ఉన్నత శిక్షణ ఇస్తున్నది. సికింద్రాబాదులో 1943లో వెలసిన ప్రాగా టూల్సు తయారుచేసిన చక్కులు పాత కార్యశాలలలో ఇప్పటికీ కనబడతాయి. సెకండుహ్యాండు లేత్ కొనేవారు చక్కు దవడలు ఎంత అరిగినవో చూచి కొనవలె. శ్రీసిటీ వంటి చోట్ల కంప్యూటరు నడిపే యంత్రాల దగ్గర పగలంతా నిలిచే పిల్లలకు సైతం ఇంటి వైసుపై ఒక ఇత్తడి ముక్కను ఆకురాయితో రాయడం వృథా కాదు. యంత్రం చూపే అంకె వెనుక లోహం ఎట్లా తెగుతున్నదో చేతికి తెలుస్తుంది.

చివరగా ఒక మాట. నాబు చేసిన తరువాత బెజ్జం ఎంత, లోతు ఎంత, మరమేకు ఏది, ఏ తేదీన చేసినదీ ఒక చీటీపై వ్రాసి, సెట్టు పెట్టె వెనుక అంటించండి. ఛాసీకి కరెంటు ఉండే సెట్టు ఐతే ఆ సంగతి పెద్ద అక్షరాలతో వ్రాయండి. మరి ఇరువది ఏండ్లకు ఆ నాబును విప్పేవారు మీరు కాకపోవచ్చును.